రిజిస్టరులో లేని జబ్బు

మా తమ్ముడి పేరున ఈ ధర్మనిధి ఏర్పాటు చేసిన అతని స్నేహితులకు, చర్ల, దుమ్ముగూడెం వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన అతని శిష్యులకు, వాళ్ళ తల్లిదండ్రులకు దండాలు.

ఈ ఉపన్యాసాన్ని అచ్చు వేస్తామని చెప్పినప్పుడు మా అమ్మ ఒక్కటే అడిగింది, పుస్తకంలో వాడి పేరు వద్దు, ఊరి పేరు వద్దు అని. వయసు మీరిన మనిషి మాట కాదనలేం. ఈ హాల్లో ఉన్న అందరికీ ఆ పేరు తెలుసు. అచ్చులో మాత్రం "తమ్ముడు" అనే ఉంటుంది.

నేను ఏఎన్‌ఎమ్‌గా చేరి, ఏజెన్సీ పీహెచ్‌సీల్లోనే ఉద్యోగమంతా చేసి రిటైరైన మనిషిని. వాడి అక్కను. ఇవాళ ఆ రెండు హోదాల్లోనూ మాట్లాడతాను. వాటిని విడదీయడం నాకు చేతకాదు, విడదీయాల్సిన అవసరమూ లేదనుకుంటాను.

మా తమ్ముడు డిప్రెషన్‌తో ఇరవై ఏళ్ళకు పైగా పోరాడి, చివరికి తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఈ మాట ఇవాళ ఒక్కసారే అంటాను. ఎలా పోయాడన్నది నా నోట రాదు. ఆ వివరంతో ఎవరికీ పనిలేదు. ఇప్పటికే అలసిపోయి ఈ హాల్లో ఎక్కడో కూర్చున్న మరొకరికి అది హాని చేసే ప్రమాదం కూడా ఉంది. నాకు చెప్పాలని ఉన్నది ఆ ఇరవై ఏళ్ళ గురించి.

ముందు మనిషిని చెప్పనివ్వండి. పరామర్శకు వచ్చినవాళ్ళలో చాలామంది ఎట్లా జరిగింది, ఎప్పుడు చూశారు, ఏమైనా రాసిపెట్టాడా అని అడిగారు తప్ప, వాడెట్లా బతికాడో ఎవరూ అడగలేదు. ఆ సంగతి ఎత్తింది ఎవరంటే, పదకొండో రోజున బియ్యం, కొత్త బట్ట పట్టుకుని నడిచి వచ్చిన కోయ పెద్దలు. వాకిట్లో కూర్చుని, "సారు మా పిల్లకు ఇది నేర్పాడు, సారు మా ముసలమ్మను ఆసుపత్రికి తెచ్చాడు" అని ఒకరి తర్వాత ఒకరు చెప్పుకుంటూ పోయారు. మా అమ్మ ఆ రోజు మొదటిసారి అన్నం తిన్నది.

వాడు ఆశ్రమ పాఠశాలలో సారు. ఒకటో తరగతికి వచ్చే పిల్లలకు ఇంట్లో కోయ భాష, బడిలో తెలుగు పుస్తకం. మొదటి ఏడాది పిల్లలు నోరు విప్పరు. విప్పకపోతే మొద్దు కింద జమ. తమ్ముడికి ఆ మాటంటే పడేది కాదు. సాయంత్రాలు గూడేలకు పోయి నాయనమ్మల పక్కన కూర్చుని కోయ మాటలు నేర్చుకున్నాడు. ఒక లాంగు నోటుబుక్కు నిండా చెట్ల పేర్లు, చేపల పేర్లు, చుట్టరికాల పేర్లు రాసుకున్నాడు. ఇప్పపూలు రాలే కాలంలో పిల్లలు బడికి రారు, తెల్లవారకముందే చెట్ల కిందికి పోతారు. వీడు కూడా చెట్ల కిందికే పోయేవాడు. ఏరిన పూలను పదుల కుప్పలు పోయించి ఎక్కాలు చెప్పేవాడు. వానాకాలం వస్తే చలిజ్వరం పిల్లల్ని వెంటబెట్టుకుని నా పీహెచ్‌సీకి వచ్చి, "అక్కా, ముందు వీళ్ళ రక్తం తియ్యి, తర్వాత నాకు టీ ఇప్పించు" అనేవాడు. గట్టిగా నవ్వేవాడు. ఆ నవ్వు విన్నవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు.

ఈ పనులన్నీ జబ్బు ఉండగానే చేశాడు. ఈ సంగతి మీకు గుర్తుండాలని నా కోరిక.

మొదటిసారి జబ్బు వచ్చినప్పుడు వాడికింకా ముప్పై నిండలేదు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ. తర్వాత నిద్ర లేదు, అలాగని లేవడమూ లేదు. స్నానం చెయ్యమంటే సరే అంటాడు, గంట తర్వాత చూస్తే అక్కడే ఉంటాడు. ముద్ద గొంతు దిగదు. పిల్లల పేర్లు మర్చిపోయాడు. పొద్దంతా ఇట్లా గడిచి, సాయంత్రానికి కాస్త తేలికపడి వీధిలోకి వచ్చేవాడు. ఈ జబ్బులో చాలామందికి ఇంతే, పొద్దున ఎక్కువ, సాయంత్రం తక్కువ. సాయంత్రం చూసిన ఊరు "బాగానే ఉన్నాడు కదా, బడికి పోవడానికి బద్ధకం" అన్నది. పొద్దున చూసింది నేను, మా అమ్మ. ఒకనాడు నాతో, "అక్కా, నాకు ఏడుపు కూడా రావట్లేదు" అన్నాడు. బాధగా ఉందని అనలేదు. బాధ తెలిసే చోటు కూడా మూసుకుపోయిందని చెప్పాడు.

"నీకేం తక్కువరా?" ఈ ప్రశ్న వాడు ఎన్నిసార్లు విన్నాడో చెప్పలేను. సర్కారు ఉద్యోగం, ఇల్లు, పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, ఏం తక్కువ? అడిగినవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, ప్రేమకొద్దీ అడిగినవాళ్ళే. కానీ ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేక వాడు మరింత కుంగేవాడు. తక్కువ ఏమీ లేదని వాడికీ తెలుసు. ఏమీ తక్కువ లేకుండా ఇట్లా ఉన్నానంటే తప్పు నాదే అనుకునేవాడు. షుగరు వచ్చినవాణ్ణి నీకేం తక్కువని మనం అడగం.

మనది పర్ణశాల ఉన్న నేల. దుమ్ముగూడెం దారిలో ఆ రేవు దగ్గర నిలబడి, సీతమ్మను పోగొట్టుకున్న రాముడు ఇక్కడే చెట్టునూ పుట్టనూ అడుగుతూ ఏడ్చాడని మన పిల్లలకు చూపిస్తాం. దేవుడు ఏడ్చాడని చెప్పుకోవడానికి మనకు సిగ్గు లేదు. పక్కింటి సారు మంచం దిగకపోతే మాత్రం "మగాడివి, ధైర్యం తెచ్చుకో" అంటాం. రాముడి శోకానికి కారణం ఉంది, కనబడుతుంది. తమ్ముడి జబ్బుకు అట్లా చూపించడానికి కారణం లేదు. కారణం కనబడని కష్టానికి మన దగ్గర ఓర్పు తక్కువ.

గాలి సోకిందన్నారు, ఎవరో చేశారన్నారు. తాయెత్తు కట్టించాం. గూడెంలో మంత్రం వేసే వడ్డె దగ్గరికీ పోయాం. ఆయన చెప్పినవాటిలో ఒకటి తర్వాత పట్నంలో డాక్టరూ చెప్పాడు, ఒంటరిగా ఉంచకండి అని. పట్నం డాక్టరు దాకా వెళ్ళడానికి మాకు చాలా కాలం పట్టింది. "ఎర్రగడ్డకు పంపాలి" అన్నది మన దగ్గర ఒక తిట్టు. జబ్బుకు వైద్యం చేసే చోటి పేరు తిట్టుగా ఉన్నప్పుడు, ఆ వైద్యానికి పోదాం పద అని ఇంట్లో మనిషితో చెప్పడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి. చివరికి వాడే అన్నాడు, "పోదాం అక్కా" అని. కొత్తగూడెంలో రాత్రి రైలెక్కాం.

మందుల గురించి తెలిసినదాన్ని కనుక రెండు ముక్కలు చెప్తాను. డిప్రెషన్ మందు వేసుకున్న రోజే పని చెయ్యదు. రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. నోరెండిపోవడం, కడుపులో తిప్పడం, మత్తు లాంటివి ముందే వస్తాయి, మేలు తర్వాత వస్తుంది. అందుకే చాలామంది మొదటి పది రోజుల్లోనే మానేస్తారు. తమ్ముడు మానలేదు. రెండో నెలలో ఒక పొద్దున తనంతట తాను లేచి, బకెట్టు నింపుకుని స్నానానికి పోయాడు. ఆ చప్పుడు విని మా అమ్మ దేవుడి గూట్లో దీపం పెట్టింది.

తర్వాత మంచి కాలం వచ్చింది, ఏళ్ళ తరబడి. నోటుబుక్కు అప్పుడే నిండింది. మంచి కాలంలోనే ఇంకో ప్రమాదం ఉంటుంది. "బాగైపోయావు కదా, ఇంకా ఆ మాత్రలెందుకు, అలవాటైపోతాయి" అంటారు. బాగయ్యాక కూడా కనీసం ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడాలి. మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళు ఏళ్ళపాటు వాడాలి. మానాలంటే డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలి. అందరి మాటా విని వాడు ఆపేశాడు. జబ్బు తిరిగి వచ్చింది. మళ్ళీ మందులు, మళ్ళీ మంచి కాలం, మళ్ళీ జబ్బు. ప్రతిసారీ కింద నుంచి పైకి ఎక్కినవాడు వాడే. ఓడిపోయాడని అనేవాళ్ళకు నేనిదే చెప్తాను. ఒక్కరోజు చూసి తీర్పు చెప్పకండి, వాడు గెలిచిన రోజులు వేలల్లో ఉన్నాయి.

ఇప్పుడు నా ఉద్యోగం సంగతికొస్తాను. ఈ ఉపన్యాసానికి ఒప్పుకున్నదే ఇందుకు.

ఏజెన్సీలో మేం టీబీని ఎట్లా పట్టుకున్నామో ఇక్కడున్న ఆశా కార్యకర్తలకు తెలుసు. డాట్స్ వచ్చిన కొత్తలో ఒక్కో రోగికి ఒక్కో పెట్టె ఉండేది. పెట్టె మీద ఆ మనిషి పేరు. కోర్సు మొత్తం మందులు అందులోనే. పీహెచ్‌సీలో ఇంకేం అయిపోయినా ఆ మనిషి మందు అయిపోదు. మాత్ర మా కళ్ళముందు మింగాలి. రాని రోజున మేమే ఇంటికి పోవాలి. తునికాకు కోతకు పోయినా, మిరప కోతకు పోయినా వెతికి పట్టుకునేవాళ్ళం. రోగి మందు మానేస్తే తప్పు రోగిది అనేవాళ్ళు కాదు, మీరెందుకు పోలేదని మమ్మల్ని అడిగేవాళ్ళు. మలేరియా కూడా అంతే. ఎక్కడో అడవి లోపల గుడిసెలో ఒకరికి జ్వరమొస్తే ఆ రక్తపు చుక్క గాజుపలక మీదికెక్కి, నంబరు పడి, రిజిస్టరులోకి వచ్చేది.

మా తమ్ముడు ఏ రిజిస్టరులోనూ లేడు. చూపించుకోవాల్సిన తేదీ దాటిపోతే వాణ్ణి అడగడానికి ఎవరూ రాలేదు, రావాలని ఎవరి ఉద్యోగంలోనూ రాసిలేదు. నేను వందల ఇళ్ళ తలుపు తట్టిన మనిషిని. మా ఇంటి తలుపు తట్టే మనిషిని ప్రభుత్వం ఇంకా నియమించలేదు. ఈ జబ్బు ప్రాణాలు తీస్తుందని తెలుసు, మందు ఉందని తెలుసు. జాతీయ అత్యావశ్యక మందుల జాబితాలో ఫ్లూఆక్సెటిన్, ఎసిటాలోప్రామ్, అమిట్రిప్టిలిన్ ఉన్నాయి. లేనిది వెనకాల నడిచే మనిషి.

జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లోనే మొదలైంది. మన తెలుగు వాళ్ళు ఎంతోమంది ఉన్న బళ్ళారి జిల్లాలో, మామూలు పీహెచ్‌సీ డాక్టర్లకు, సిబ్బందికి శిక్షణ ఇస్తే ఈ పని జరుగుతుందని బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ళు చేసి చూపించారు. 1996 నుంచి దాన్ని జిల్లా కార్యక్రమంగా దేశమంతా విస్తరించడం మొదలుపెట్టారు. అదే నిమ్హాన్స్ 2015, 2016లలో 12 రాష్ట్రాల్లో పెద్ద సర్వే చేసింది. డిప్రెషన్ ఉన్న ప్రతి 100 మందిలో 85 మంది దాకా వైద్యం అందనివాళ్ళేనని తేలింది. ఆ 12 రాష్ట్రాల్లో మన గట్టు పక్కనున్న ఛత్తీస్‌గఢ్ ఉంది, తెలంగాణ లేదు, ఆంధ్రప్రదేశ్ లేదు. మన సంగతి లెక్కలోకే రాలేదు.

మనది సరిహద్దు కూడా. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రకు పోయాయి, భద్రాచలం పట్నం తెలంగాణలో మిగిలింది. ఎటపాక మనిషికి భద్రాచలం ఆసుపత్రి చూపు మేరలో ఉంటుంది, రాష్ట్రం మాత్రం వేరు. ఆశా ఒక రాష్ట్రం ఆమె, ఆసుపత్రి ఇంకో రాష్ట్రానిది. చర్ల అవతల అడవి దాటి వచ్చే గుత్తికోయలది మూడో రాష్ట్రం. కాన్పుకు, జ్వరానికి ఈ గీతలు దాటి ఎట్లాగో వస్తారు. మనసు జబ్బుకు అసలే ఇల్లు కదలరు, అందులోనూ కాగితాలు అడిగితే వెనక్కి పోతారు.

2022 జులై వరద మీ అందరికీ గుర్తుంది. గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు వచ్చింది. 1986 నాటి 75.6 అడుగుల తర్వాత మనం చూసిన పెద్ద నీరు అదే. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. పునరావాస శిబిరాల్లో బీపీ మాత్రలు, షుగరు మాత్రలు పంచాం. ఈ జబ్బు మాత్రలు ఎవరికి కావాలో అడగాలన్న మాటే లేదు. తమ్ముడి మాత్రలు అయిపోయాయి. ఏరు తీశాక మళ్ళీ మొదలుపెట్టించాం, కొన్నాళ్ళు కోలుకున్నాడు కూడా. వాడు పోయింది ఆ తర్వాతి ఏడాది. వరద వల్లే పోయాడని నేననను. ఇట్లాంటి చావుకు ఒక్కటే కారణం పట్టుకుని ఎవరి మెడకైనా చుట్టడం అన్యాయం. కాకపోతే, పెట్టె మీద పేరున్న టీబీ రోగికి ఆ వారం మాత్ర అందేలా నేను పడవ మీదైనా పంపించేదాన్ని. ఈ తేడా ఉండకూడదు.

ఇది జరిగే పనేనా అంటారు. పక్క జిల్లాలోనే జరిగింది. అప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలోని 30 గిరిజన గ్రామాల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు ఆశాలకు శిక్షణ ఇచ్చి, చేతికి ట్యాబులిచ్చి, ఇంటింటికీ పంపించారు. నిద్ర ఎట్లా పడుతోంది, పని మీద మనసు పోతోందా, బతకాలని అనిపిస్తోందా అని ఆశా అడుగుతుంది. కష్టం ఎక్కువగా ఉన్నవాళ్ళ వివరం పీహెచ్‌సీ డాక్టరుకు చేరుతుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళారా, మందు వేసుకుంటున్నారా అని ఆశా మళ్ళీ వచ్చి చూస్తుంది. దాంతోపాటు ఊళ్ళో నాటకం వేయించి, వీడియోలు చూపించి, ఇది జబ్బేనని చెప్పారు. 2017లో అచ్చయిన ఫలితాల ప్రకారం, కష్టంలో ఉన్నవాళ్ళలో వైద్యం కోసం వెళ్ళేవాళ్ళు అంతకుముందు 0.8 శాతం, తర్వాత 12.6 శాతం. ఇంకా ఎంతోమంది మిగిలారు, నిజమే. కానీ మనలాంటి అడవి ఊళ్ళలో, మనలాంటి ఆశాలతో ఇది సాధ్యమైంది. వాళ్ళ మీద ఇప్పటికే మోయలేనన్ని పనులున్నాయి, జీతం కాని జీతం ఉంది. ఈ పని అప్పగిస్తే దానికి తగ్గ డబ్బు ఇచ్చి అప్పగించాలని కూడా ఇక్కడి నుంచే అడుగుతున్నాను.

బతకాలని లేదా అని అడిగితే, లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయం. అట్లా జరగదు. అడిగితే మనిషి గుండె బరువు దిగుతుందే కానీ కొత్త ఆలోచన పుట్టదని పరిశోధనలు చెబుతున్నాయి. తిన్నగా, మెల్లగా అడగండి. చెప్పింది వినండి. సలహాలు తర్వాత చూసుకోవచ్చు. మనిషిని ఒంటరిగా వదలకుండా వైద్యానికి తీసుకెళ్ళండి.

పత్తి, మిరప పండించే ఊళ్ళు మనవి. పురుగుమందులు, గడ్డిమందులు ఇంట్లో, మంచాల కింద ఉంటాయి. శ్రీలంక 1995 నుంచి మరీ విషపూరితమైన మందుల్ని ఒక్కొక్కటిగా నిషేధిస్తూ పోయింది. తర్వాతి పదేళ్ళలో ఆ దేశంలో ఆత్మహత్యల రేటు సగానికి పడిపోయింది. పంట దిగుబడి తగ్గలేదు. తీవ్రమైన ఘడియ ఎక్కువసేపు ఉండదు, ఆ ఘడియలో చేతికి అందకపోవడమే ప్రాణం నిలుపుతుంది. మన ప్రభుత్వాలు ఆ పని చేసేలోగా, ఆ డబ్బాలు ఇంట్లో లేకుండా, ఊరంతటికీ ఒకచోట తాళంలో పెట్టించమని గ్రామ పెద్దల్ని వేడుకుంటున్నాను.

అట్లాంటి ఘడియలో ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళను, పోలీసు కేసవుతుందని ఆసుపత్రికి తేకుండా దాచేవాళ్ళూ ఉన్నారు. ఆ భయం వదిలేయండి. 2018 మే నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, వైద్యం అందించాల్సింది ప్రభుత్వం. 2024 జులై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 సెక్షన్ లేదు. టెలి మానస్ నంబరు 14416. 2022 అక్టోబరు 10న మొదలైంది. పగలైనా రాత్రైనా, డబ్బు ఖర్చు లేకుండా, తెలుగులో మాట్లాడొచ్చు. బడి గోడ మీద 108 పక్కనే ఆ నంబరు రాయించండి.

ధర్మనిధి వడ్డీ ఏం చెయ్యాలని తమ్ముడి స్నేహితులు నన్ను అడిగారు. ఏటా ఒక ఉపన్యాసం, శాలువాలు, భోజనాలు అనుకున్నారు. ఉపన్యాసం ఉండనివ్వండి, శాలువాలు వద్దు. నాకొక రిజిస్టరు కొనివ్వండి. చర్ల, దుమ్ముగూడెం, భద్రాచలం మండలాల్లో, గట్టు అవతల ఎటపాకలో కూడా, ఈ జబ్బుకు మందు వాడుతున్నవాళ్ళు తమకిష్టమైతే పేరు రాయించుకుంటారు. ఆ రిజిస్టరు నా దగ్గరే తాళంలో ఉంటుంది, ఇంకెవరి కంటా పడదు. తేదీ దాటినవాళ్ళ ఇంటికి నేను పోతాను. నాతోపాటు రిటైరైన ఇద్దరు ఏఎన్‌ఎమ్‌లు వస్తామన్నారు. ఆసుపత్రికి పోవడానికి రోగికి, తోడు వచ్చేవాళ్ళకు బస్సు ఛార్జీలు, వానాకాలం ముందు ఒక నెల మందులు నిధిలోంచి ఇద్దాం. వచ్చే జూన్ వానలకు ముందే మొదలుపెట్టాలి. సభ అయ్యాక ఆ పక్క బల్ల దగ్గర కూర్చుని ఉంటాను. ఎవరైనా రావొచ్చు. అందరి ముందూ రాలేకపోతే సాయంత్రం ఇంటికి రండి, అమ్మ, నేను ఇంట్లోనే ఉంటాం.